అడ్డం చలి... నిలువు కబుర్లు

"చలికి వచ్చేది, అటునుంచి. మూడక్షరాలు."

"కుణువ."

"అదేం మాటండీ?"

"వణుకు మాస్టారూ, వణుకు! అటునుంచి అన్నాడుగా."

"ఆయ్... వణుకుతున్నవాడికి ఎలా తడుతుందండీ అది!"

ధనుర్మాసంలో కోనసీమ ఊళ్ళలో పొద్దున్నే ఏ అరుగు దగ్గరో, టీకొట్టు బల్ల దగ్గరో కాసేపు నిలబడితే ఇలాంటి మాటలు చెవిన పడతాయి. అది అమలాపురం కావచ్చు, రాజోలు కావచ్చు, కొత్తపేట కావచ్చు. మెడకు మఫ్లర్లు చుట్టుకున్న నలుగురు పెద్దవాళ్ళు, మధ్యలో ఒకటే పేపరు. రాజకీయాలు పది నిమిషాల్లో తేలిపోతాయి. పేపరు గళ్ళ దగ్గరికి తిరిగాక పెన్సిలు ఎవరి చేతిలో ఉంటే ఆయనే పెద్దమనిషి. అక్కణ్నుంచి సాగే కబుర్లు మూడే మూడు... ఇవాళ మంచు ఎంత పడింది, పండక్కి పిల్లలు ఎప్పుడొస్తున్నారు, ఐదు నిలువు ఏమిటి?

ముందు చలి సంగతి. కోనసీమ చలిని చూసి లంబసింగి వాళ్ళు నవ్వుకుంటారు. సముద్రం పక్కనే ఉన్న నేల కాబట్టి ఇక్కడ చలి ఎముకలు కొరకదు. కానీ మంచుకు మాత్రం లోటుండదు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఎటు చూసినా కాలువలు, బోదెలు, నీళ్ళు పెట్టిన చేలు. గాలిలో తేమకు కొదవేముంది? ఆకాశం తేటగా ఉండి, గాలి కదలని రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. నేలకు ఆనుకున్న గాలీ చల్లబడి, అందులోని తేమ సన్నటి బిందువులై కొబ్బరి మొవ్వుల కింద తెరలా నిలిచిపోతుంది. ఎనిమిదింటికి కూడా ఎదురుగా వచ్చే సైకిలు కనిపించదు, బెల్లు మాత్రమే వినిపిస్తుంది.

అరుగు మీద కూర్చున్న రైతుకు ఈ మంచు కబురు ఊసుపోక చెప్పుకునేది కాదు. దాళ్వా నారుమడి మీద ఉంటుంది ఆయన మనసు. చలి ముదిరితే నారు ఎదగదు, ఎర్రబారుతుంది. రాత్రి మడిలో నీళ్ళు నిలిపి, తెల్లారగానే ఆ చల్లటి నీళ్ళు తీసేసి కొత్త నీళ్ళు పెట్టాలి. ఆ పని చూసుకునే ఆయన అరుగెక్కుతాడు. అందుకే ఆయన వచ్చేసరికి గళ్ళు సగం నిండిపోయి ఉంటాయి. "నాకోసం రెండైనా ఉంచొచ్చు కదండీ" అని రోజూ నిష్టూరమే!

పుట్టిందీ చలికాలంలోనే

ఈ గళ్ళాట పుట్టింది కూడా చలికాలంలోనే, అదీ ఆదివారం అనుబంధంలోనే. 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రిక వినోదం పేజీలో ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు వజ్రం ఆకారంలో గళ్ళు గీసి, మాటలు నింపమన్నాడు. ఆయన పుట్టింది ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో. ఆ ఆటకు ఆయన పెట్టిన పేరు 'వర్డ్-క్రాస్'. కొన్ని వారాలకు అచ్చులో పదాలు అటూ ఇటూ అయి 'క్రాస్-వర్డ్' అయింది. అటునుంచి చదవడమనే అలవాటు ఆ పేరుతోనే మొదలైందనుకోవాలి! 1924లో పుస్తకంగా రావడంతో అమెరికాను ఈ పిచ్చి ఊపేసింది. 1930లో లండన్ 'టైమ్స్' కూడా దీనికి చోటిచ్చింది.

తెలుగులో దీనికి పెద్ద చేతులే పడ్డాయి. శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' కూర్చారు. ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు' కట్టారు. ఒకరు మహాకవి, ఇంకొకరు సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన మనిషి. అలాంటివాళ్ళు గళ్ళ ముందు కూర్చున్నారంటే ఇది కాలక్షేపం బఠాణీ వ్యవహారం కాదన్నమాట.

నిజానికి తెలుగు గళ్ళు కట్టడం ఇంగ్లిషు గళ్ళకన్నా కష్టం. వాళ్ళకున్నవి ఇరవయ్యారు అక్షరాలు. మనకు ఒక్క 'క' గుణింతమే డజను దాటుతుంది. ఒత్తులు కలుపుకుంటే ఇక లెక్కలేదు. మన గడిలో కూర్చునేది గుణింతంతో, ఒత్తుతో సహా నిండు అక్షరం. ఉదాహరణకు అడ్డంగా 'కుంపటి' వేశారనుకోండి. మధ్య గడిలో 'ప' పడింది. దాని మీదుగా నిలువుగా 'ప్రభ' తెద్దామంటే కుదరదు. అక్కడ కావలసింది 'ప్ర'. ఇంగ్లిషులో అయితే 'పి' ఒక గడి, 'ఆర్' ఒక గడి... ఇద్దరూ సర్దుకుపోతారు. మన దగ్గర 'ప' వేరు, 'ప్ర' వేరు, 'పా' వేరు. కట్టేవాడు 'పడవ'తోనో 'పనస'తోనో సరిపెట్టుకోవాల్సిందే. అందుకే తెలుగు ఆధారాల్లో 'అటునుంచి', 'కిందనుంచి', 'తడబడింది', 'తోక తెగింది' లాంటివి అన్ని కనిపిస్తాయి. కూర్పరి బద్ధకమని కొందరు విసుక్కుంటారు కానీ, మన లిపి పెట్టే పరీక్ష అది. పాసు మార్కులకోసం ఆ మాత్రం తోక కోయనివ్వాలి మరి!

అరుగు మీదివాళ్ళకు తెలియని మాట వస్తే తీర్పు ఇంట్లోంచి వస్తుంది. "ముగ్గులో కూర్చునే ముద్ద... మూడక్షరాలు" అని మగవాళ్ళు తలలు గోక్కుంటుంటే, వాకిట్లో ముగ్గు పెడుతున్న ఇల్లాలు తలెత్తకుండానే "గొబ్బెమ్మ" అనేస్తుంది. దాలి, సిబ్బి, కవ్వం, పిడకల దండ... ఇలాంటి మాటల దగ్గర డిగ్రీలు పనికిరావు. ఫోన్‌లో వెతికి నింపేవాళ్ళను మాత్రం అరుగు ఒప్పుకోదు. ఆ పట్టుదల సబబైందే.

గళ్ళ మధ్య ఇంటి సంగతులు

ఇక పిల్లల రాక. సంక్రాంతి ప్రయాణం కబుర్లు కార్తీక మాసంలోనే మొదలవుతాయి. 2024 నవంబరు నుంచి రైల్వే వాళ్ళు ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. దాంతో వినాయక చవితి నాటికే తేలిపోయే సంగతి ఇప్పుడు నవంబరు దాకా సాగుతోంది. అయినా అమలాపురానికి రైలు కూత ఇంకా రాలేదు. కోటిపల్లి-నరసాపురం లైను కోసం పాతికేళ్ళుగా ఎదురుచూస్తూనే ఉన్నారు. అమలాపురం, కొత్తపేట పిల్లలు రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా రావాలి. రాజోలు వాళ్ళయితే పాలకొల్లులో దిగి చించినాడ వంతెన దాటాలి. "మా వాడికి కన్ఫర్మ్ అయిందండి" అన్నాడంటే ఆ రోజు టీ ఆయనదే. "వెయిటింగ్ లిస్టండీ" అన్నవాణ్ని మిగిలినవాళ్ళు ఏమీ అడగరు. ఆరు అడ్డం దగ్గరికి వెళ్ళిపోతారు.

గళ్ళకు ఉన్న పెద్ద సుగుణం ఇదే. చెప్పలేని మాట చెప్పడానికి అవి చాటు ఇస్తాయి. అబ్బాయి ఈసారి కూడా రావడం లేదని ఎదురెదురుగా కూర్చుని చెప్పడం కష్టం. పేపరు మీదికి వంగి, పెన్సిలు ముల్లు చూసుకుంటూ, "సెలవు దొరకలేదట... ఎనిమిది నిలువు 'మజిలీ' ఏమో చూడండి" అనేయడం తేలిక. పక్కాయన కూడా తల ఎత్తకుండానే "మజిలీ సరిపోయింది. కనుమ నాడు భోజనానికి మా ఇంటికి వచ్చేయండి" అంటాడు. పరామర్శ అక్కడితో అయిపోతుంది.

హైదరాబాదు, బెంగళూరు, గల్ఫు, అమెరికా... ఈ సీమలో పెద్దవాళ్ళు మాత్రమే మిగిలిన ఇళ్ళు వీధికి ఎన్నో. అలాంటి ఇళ్ళకు అరుగే హాజరుపట్టీ. రోజూ ఏడున్నరకు వచ్చే మనిషి ఎనిమిదిన్నరైనా రాకపోతే ఎవరో ఒకరు లేచి వెళ్ళి తలుపు కొడతారు. "బాగున్నారా?" అని అడగరు. "నిన్నటి గళ్ళు మీ దగ్గరున్నాయా?" అంటారు. జ్వరం సంగతి ఊళ్ళు దాటి కూతురికి చేరేలోపే అరుగుకు తెలిసిపోతుంది, మాత్ర కూడా చేరిపోతుంది.

పండగ మూడు రోజులూ అరుగు బోసిపోతుంది. అందరిళ్ళూ నిండిపోతాయి కదా! భోగి మంట, పిల్లల తలల మీద భోగిపళ్ళు, అరిసెలు, కొత్తల్లుళ్ళు. కనుమ నాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు బయల్దేరతాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక కాలువ దాటించడం చూడాలంటే రెండు కళ్ళూ చాలవు. ఆ తోటలో గుడి ఉండదు, కొబ్బరి చెట్ల నీడే గుడి. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీ చూసింది ఈ ప్రభల తీర్థాన్నే. మనవలు సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకుంటుంటే తాతగారు మాత్రం ప్రభ కాలువ దిగే చోట ఊపిరి బిగబట్టి నిలబడతాడు.

ముక్కనుమ నాటి సాయంత్రం అసలు ప్రశ్న వస్తుంది. సంచులు సర్దుతూ కొడుకు అంటాడు. "చలి తగ్గేదాకా మాతో వచ్చేయండి నాన్నా. ఒక్కరూ ఎందుకిక్కడ?" ప్రేమతో అడిగిందే, తప్పుపట్టడానికేం లేదు. ఆస్పత్రి దగ్గర, మనవలు దగ్గర. కానీ చలికి భయపడి వెళ్ళడమే అయితే హైదరాబాదు చలి కోనసీమ చలికన్నా పదునైంది! అక్కడి ఫ్లాటుకూ ఆదివారం ఈ పుస్తకమే వస్తుంది, ఇవే గళ్ళు. కొడుకు ల్యాప్‌టాప్ ముందు, కోడలు మీటింగులో. "చలికి వచ్చేది, అటునుంచి" అని పైకి చదివితే వినే చెవి ఉండదు. ఈ మాట కొడుకుతో చెప్పలేక చాలామంది "కొబ్బరి దింపు ఉందిరా" అని తప్పించుకుంటారు. దింపు అయిపోయిందని కొడుకుకూ తెలుసు.

కొందరు వెళతారు కూడా. మాఘం దాటాక వస్తామని, శివరాత్రికి వస్తామని. వాళ్ళ చోటు అరుగు మీద అలాగే ఉంచుతారు, ఎవరూ అందులోకి జరగరు. పొద్దున్నే ఏడున్నరకు ఫోన్ మోగుతుంది.

"మాస్టారూ, ఏడు అడ్డం చెప్పకండి. అది నేనే నింపుతాను. తొమ్మిది నిలువు మాత్రం రావట్లేదు."

"మొదటి అక్షరం పడిందా?"

"పడలేదండి. అక్కడ మంచు ఎలా ఉంది?"

"ఎదుటి మనిషి కనబట్టం లేదు. పదో గడి మీ చేతిరాతకని ఖాళీగా ఉంచాం. ముందు శివరాత్రి టిక్కెట్టు సంగతి చెప్పండి, తీశారా?"