బడికి మధ్యలో కొత్త టీచర్ వచ్చారా? తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి, చేయాల్సినవి

స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతంలో సర్కారు బడికి పిల్లలను పంపే తల్లిదండ్రుల కోసం, మహిళా సంఘాల సభ్యుల కోసం

ముందుగా ఒక మాట

మీ పిల్లలకు ఉచిత పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం అందుతున్నాయి. ఇవన్నీ ఇచ్చేది పిల్లలకు చదువు రావాలనే. చదువు రావడం మాత్రం పాఠం చెప్పే టీచర్ చేతిలో ఉంటుంది. ఆ టీచర్ ఏడాది మధ్యలో కొత్తగా వస్తే, మొదటి రెండు మూడు నెలలు వారికి తోడు కావాలి. తోడు దొరికితే పిల్లలు త్వరగా దారిలో పడతారు. దొరకకపోతే ఆ ఏడాది చదువు చేజారే ప్రమాదం ఉంది. ఆ తోడు ఎవరు ఇవ్వాలి, మీరు ఏం అడగొచ్చు, మీ వంతు ఏమిటి అన్నది కింద చదవండి.

ఏడాది మధ్యలో ఎందుకు వస్తారు?

బడి ఏడాది జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో అయిపోతుంది. నియామకాలు మాత్రం ఆ లెక్కన జరగవు. 2024 డీఎస్సీనే చూడండి.

• ఫిబ్రవరి 29: 11,062 పోస్టులకు నోటిఫికేషన్. ఇందులో 6,508 ఎస్‌జీటీ పోస్టులు, అంటే 1 నుంచి 5 తరగతులకు చెప్పే టీచర్లు.
• జులై 18 నుంచి ఆగస్టు 5 వరకు: పరీక్షలు.
• సెప్టెంబరు 30: ఫలితాలు.
• అక్టోబరు 9: హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు.

దసరా సెలవులు అయినాక కొత్త టీచర్లు బడుల్లో చేరారు. బడి జూన్ 12న తెరిచారు కాబట్టి, అప్పటికే నాలుగు నెలలు గడిచిపోయినయి. నవంబరు 6 నుంచి ఇంటింటి కుటుంబ సర్వే మొదలైంది. ఎస్‌జీటీలకు ఆ పని పడడంతో ప్రాథమిక బడులు కొన్ని వారాలు ఒంటి పూటే నడిచినయి. ఏప్రిల్ 23తో ఏడాది ముగిసింది. అంటే కొత్త టీచర్ చేతికి వచ్చింది సగం ఏడాది. బదిలీలు, ప్రమోషన్లు అయినప్పుడు కూడా ఇట్లాంటి పరిస్థితే వస్తుంది.

కొత్త టీచర్‌కు ఏం తెలుసు, ఏం తెలియదు?

కొత్త అంటే చదువు రానివారు కాదు. ఎస్‌జీటీగా రావాలంటే రెండేళ్ల డీఎడ్ చదవాలి, టెట్ పాస్ కావాలి, డీఎస్సీలో మార్కులు రావాలి. పాఠం వారికి తెలుసు. మీ పిల్లలే ఇంకా తెలియదు.

ఒకే గదిలో రెండు తరగతులు కూర్చుంటే ఎవరికి ముందు చెప్పాలి? తండా నుంచి వచ్చే పాప ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, ఆమెకు తెలుగు పాఠం ఎట్లా మొదలుపెట్టాలి? పత్తి ఏరే రోజుల్లో వారం పది రోజులు బడికి రాని పిల్లగాడిని మళ్లీ ఎక్కడి నుంచి అందుకోవాలి? ఇవి పరీక్ష రాస్తే వచ్చేవి కావు. ఆ బడిలో, ఆ ఊళ్లో పని చేసినవారు దగ్గరుండి చెప్తేనే త్వరగా తెలుస్తయి.

తోడు ఎవరు ఇవ్వాలి?

దీనికి కొత్త పథకం అక్కర్లేదు. దరఖాస్తు లేదు, రుసుము లేదు. ఇప్పటికే ఉన్న ఏర్పాట్లు వాడుకుంటే చాలు.

1. హెడ్‌మాస్టర్: టైంటేబుల్, రిజిస్టర్లు, పాత టీచర్ ఎంతవరకు చెప్పారన్న లెక్క మొదటి రోజే చేతికి ఇవ్వాలి. కష్టమైన తరగతులన్నీ కొత్తవారి మీదే వేయకుండా చూడాలి.

2. సీనియర్ టీచర్: వారానికి ఒకసారైనా కొత్త టీచర్ క్లాసులో కూర్చోవాలి. కొత్త టీచర్‌ను కూడా తన క్లాసుకు పిలవాలి. తర్వాత ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకుంటే చాలా పని అవుతుంది.

3. స్కూల్ కాంప్లెక్స్: చుట్టుపక్కల బడులన్నీ ఒక హైస్కూల్ కింద కాంప్లెక్స్‌గా ఉంటాయి. కాంప్లెక్స్ సమావేశంలో కొత్త టీచర్ తన ఇబ్బంది చెప్పుకోవచ్చు. ఒక్కరే టీచర్ ఉన్న బడికి ఇదే పెద్ద ఆసరా.

4. మండల విద్యాధికారి (ఎంఈఓ): ఏ బడిలో తోడు లేదో చూసి, పక్క బడి సీనియర్‌ను జత చేయవచ్చు.

గుర్తుంచుకోండి: తోడుండే సీనియర్ తనిఖీ అధికారి కాదు. తప్పులు రాసి పైకి పంపడం ఆయన పని కాదు. ఆ భయం ఉంటే కొత్త టీచర్ తన ఇబ్బంది బయటికి చెప్పరు. జాతీయ విద్యా విధానం 2020 కూడా టీచర్లకు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని చెప్పింది. నేర్చుకోవడం తక్కువతనం కాదు, ఉద్యోగంలో భాగమే.

మొదటి నెలలో ఏం జరగాలి?

• మొదటి వారం: పిల్లల పేర్లు, ఇళ్లు, ఎవరు ఎక్కువ బడి మానుతున్నారు అన్నది తెలుసుకోవడం.
• రెండో వారం: ఎవరికి చదవడం వస్తుంది, ఎవరికి అక్షరాలు రావు, ఎవరికి కూడికలు, తీసివేతలు రావు అని చూసి గుంపులు చేయడం. 2022-23లో ప్రాథమిక బడుల్లో మొదలైన తొలిమెట్టు ఉద్దేశం కూడా చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడమే.
• మూడు, నాలుగో వారాలు: పోయిన పాఠాలన్నీ ఉరుకులు పెట్టి చెప్పకుండా, ముఖ్యమైనవి ఏరుకుని చెప్పడం. ఏవి ఏరుకోవాలో చెప్పేది సీనియరే.

మీ వంతు

• పిల్లల సంగతి చెప్పండి. చూపు, వినికిడి ఇబ్బంది, ఇంట్లో మాట్లాడే భాష, పోయిన ఏడాది ఎక్కడ ఆగిపోయాడు అన్నది మీకే తెలుసు. ఒక్క మాట చెప్తే టీచర్‌కు నెల రోజుల పని తగ్గుతుంది.
• నెలలో మూడో శనివారం జరిగే తల్లిదండ్రుల సమావేశానికి పోండి. పిల్లల హాజరు, చదువు ఎట్లా ఉందో తల్లిదండ్రులకు చెప్పడం విద్యాహక్కు చట్టం, సెక్షన్ 24 ప్రకారం టీచర్ బాధ్యత.
• పత్తి ఏరడానికి పిల్లలను ఆపకండి. అసలే సగం ఏడాది మిగిలింది.
• "పాత సారే మంచిగుండె" అని పిల్లల ముందు అనకండి. ఆ మాట తెల్లారి క్లాసులో వినిపిస్తుంది.
• అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్న అక్కలు సమావేశంలో ఒక ప్రశ్న తప్పక అడగండి: "మన కొత్త టీచర్‌కు తోడు ఎవరు?" పేరు చెప్తే మంచిది. చెప్పలేకపోతే ఒకరిని పెట్టమని కోరండి.

తరచుగా అడిగే ప్రశ్నలు

మా బడిలో ఒక్కరే టీచర్. ఎవరు తోడుంటారు?
కాంప్లెక్స్ హెచ్‌ఎంను కలవండి. విద్యాహక్కు చట్టం లెక్కన 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలి. ఆ మాట కాగితం మీద రాసి ఎంఈఓకు ఇవ్వండి.

కొత్త టీచర్‌తో క్లాసు అదుపులో ఉండట్లేదు. మార్చమని అడగాలా?
నెల రోజులు ఆగండి. ముందు తోడు దొరికిందా అని అడగండి. మళ్లీ మారిస్తే ఇంకో కొత్త టీచర్ వస్తారు, పిల్లలు మళ్లీ మొదటికి వస్తారు.

పిల్లలను కొడితే?
కొత్తవారైనా పాతవారైనా కొట్టకూడదు. చట్టం సెక్షన్ 17 దీన్ని నిషేధించింది. వెంటనే హెచ్‌ఎంకు చెప్పండి. ఆపకపోతే ఎంఈఓకు చెప్పండి, లేదా 1098కు ఫోన్ చేయండి.

ఎవరిని కలవాలి? ఈ వరుసలో పోండి

టీచర్ → హెడ్‌మాస్టర్ → కాంప్లెక్స్ హెచ్‌ఎం → మండల విద్యాధికారి, స్టేషన్ ఘన్‌పూర్ → జిల్లా విద్యాధికారి, జనగామ

పోయేటప్పుడు బడి పేరు, తరగతి, టీచర్ చేరిన తేదీ రాసుకుని పోండి. మీ సంఘం గ్రూపులో ఈ పీడీఎఫ్ పంపండి. చదవడం రాని అక్కలకు చదివి వినిపించండి.