దివిసీమ: ఉప్పెన ఒక్క రాత్రిది, ఉప్పు రోజూది

దివిసీమ పేరెత్తగానే ఎదుటివాళ్లు అనే మాట ఒకటే: "ఆ, ఉప్పెన వచ్చిన ఊరు కదా!" ముందుగా, అది ఊరు కాదు, సీమ. ఉప్పెన వచ్చిన మాట నిజమే. 1977 నవంబర్ 19న వచ్చింది, పదివేల మంది దాకా పోయారు. అయితే ఒక ప్రాంతాన్నంతా ఆ ఒక్క రాత్రితో కొలిచేసి చేతులు దులుపుకోవడం చూస్తే నాకు చిరాకు. ఆ వెంటనే వచ్చే రెండో ప్రశ్న ఇంకా చిత్రంగా ఉంటుంది: "ఇంతకీ దివిసీమ ఏ మండలం?"

ఏ మండలమూ కాదు. కృష్ణమ్మ సముద్రంలో కలవబోయే ముందు పులిగడ్డ దగ్గర రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య చిక్కిన నేల అసలైన దివి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలు అందులోవే. పాత దివి తాలూకా అంతకన్నా పెద్దది, ఏటికి ఇవతలున్న చల్లపల్లి, మోపిదేవి, ఘంటసాల వైపు కూడా అందులోనే ఉండేవి. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలను తీసేసి మండలాలు పెట్టాక కచేరీ పని జనానికి దగ్గరైంది, అందులో సందేహం లేదు. కానీ దివి అన్న పేరుతో ఒక ఆఫీసు, ఒక అధికారి లేకుండా పోయారు. ఇప్పుడు ఈ ఆరు మండలాలూ ఒకచోట కనిపించేది అవనిగడ్డ అసెంబ్లీ నియోజకవర్గం పటంలోనే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది, దివిసీమ మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లాలో మిగిలింది. అంటే కాలువ తల ఒక జిల్లాలో, తోక ఇంకో జిల్లాలో. ఈ సంగతి వినడానికి చిన్నదే గానీ, దివిసీమ రైతును అడిగితే దాని బరువెంతో చెబుతాడు.

ఇక్కడి బతుకంతా పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతి లాంటిది. తొలి బంతిలో కూర్చున్నవాళ్లకు గారె, బూరె, పప్పు, నెయ్యి దండిగా పడతాయి. ఆఖరి బంతి లేచే వేళకు చారు మిగిలితే గొప్ప. ఎంత వండారన్నది కాదు ప్రశ్న, వడ్డన ఎటునుంచి మొదలైందన్నది. 1855లో విజయవాడ దగ్గర కట్టిన ఆనకట్ట, అది 1952లో తెగాక 1957 నాటికి పూర్తయిన ప్రకాశం బ్యారేజీ, ఇవీ వంటశాలలు. అక్కడ ఎడమ గట్టున విడిచిన నీరు దారిలో ఉన్న ఆయకట్టునంతా తడుపుకుంటూ వచ్చి, పులిగడ్డ అక్విడెక్టు మీదుగా నది పాయను దాటి అవనిగడ్డ వైపు చేరాలి. పై బంతివాళ్లు మారు వడ్డించమన్నారా, ఇక్కడి విస్తరి ఎండిపోతుంది. 2015 నుంచి పట్టిసీమ ద్వారా వస్తున్న గోదావరి నీరు పక్కింటివాళ్లు పంపిన గుండిగ అనుకోండి. ఆదుకున్నది నిజమే, కానీ ఆ గుండిగా వంటశాలకే వెళ్లి మళ్లీ మొదటి బంతి నుంచే వడ్డనకు వస్తుంది. ఇక వాకిట్లో పిలవని చుట్టం ఒకడు కాచుకుని ఉన్నాడు, సముద్రుడు. విస్తరి ఖాళీ అయిందంటే వచ్చి కూర్చుంటాడు, కూర్చుంటే లేవడు. ఉపమానాన్ని ఇప్పటికే సాగదీశాను, ఇక్కడ వదిలేస్తాను.

శివారుకు నీరు ఆలస్యమైతే నాట్లు ఆలస్యమవుతాయి. నాట్లు వెనకపడితే కోతలు సరిగ్గా తుపాన్ల నెలల్లో పడతాయి. వరి తరవాత చల్లుకునే మినుముకు ఉప్పు అసలు గిట్టదు. ఎండల్లో నేల పైపొర ఆరేకొద్దీ కింది తడి ఉప్పును మోసుకుంటూ పైకి వస్తుంది, తడి ఆవిరైపోతుంది, ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. దాన్ని కడిగి కిందికి దించేది కాలువ నీరే. డెల్టాలో కాలువ నీరు పైరుకు తిండి మాత్రమే కాదు, పొలానికి స్నానం కూడా.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి వస్తున్నాను. కాలువ రాకపోతే బోరు వేసుకోవచ్చుగా అని ఎగువ ప్రాంతాల వాళ్లు తేలిగ్గా అనేస్తారు. రాయలసీమలోనో తెలంగాణలోనో నీరు పడలేదంటే ఇంకో వంద అడుగులు దించుతారు. ఆ అలవాటు దివిసీమలో పనికిరాదు. ఇక్కడ లోతుకు పోయేకొద్దీ తగిలేది ఉప్పునీరు. కారణం చాలా సులువు. లీటరు మంచినీరు కిలో బరువుంటే, లీటరు సముద్రపు నీరు దాదాపు ఇరవై అయిదు గ్రాములు ఎక్కువ తూగుతుంది. బరువైన ఉప్పునీరు అడుగున, తేలికైన వాననీరు దానిమీద ఉంటాయి. ఇసుక మెరకల్లోకి ఇంకిన వాన అలా ఉప్పునీటి మీద ఒక మంచినీటి పొరగా నిలుస్తుంది. ఆ పొర మందమెంత? వెయ్యిని ఇరవై అయిదుతో భాగిస్తే నలభై. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, ఆ మట్టానికి కింద ఇంచుమించు నలభై అడుగుల మేర మంచినీరే ఉండగలదని లెక్క. దీన్ని 19వ శతాబ్దం చివర డచ్చివాడైన గైబెన్, ఆ తరవాత జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ విడివిడిగా తేల్చారు.

ఈ లెక్క వరమూ అదే, శాపమూ అదే. నలభై అడుగులు దొరికాయని మురిసి మోటారు పెట్టి తోడామనుకోండి. పైన నీటిమట్టం ఒక అడుగు దిగితే, కింద ఉప్పునీరు కాలక్రమంలో నలభై అడుగులు పైకి రావచ్చు. ఒక్క అడుగుకు నలభై! అదీగాక, తోడేచోట సరిగ్గా గొట్టం కిందనే ఉప్పునీరు గుట్టలా పైకి లేస్తుంది. మొదట మంచినీళ్లే పోసిన గొట్టం కొన్నాళ్లకు కాస్త ఉప్పగా, తరవాత బాగా ఉప్పగా మారడానికి కారణం ఇదే, ఎవరి దిష్టీ కాదు. అందుకే ఇక్కడి తెలివైన రైతు తక్కువ లోతున జల్లెడ గొట్టం, అంటే ఫిల్టర్ పాయింటు, వేసుకుని కొద్దికొద్దిగా తోడతాడు. తీరపు ఊళ్లలో ఆడవాళ్లు ఇసుక దిబ్బల్లో చెలమలు తవ్వి చేత్తో తోడుకునే నీటికి తీపి ఎక్కడిదంటే, వాళ్లు పై పొరను మాత్రమే ముడతారు. గైబెన్ పేరు విననివాళ్లు కూడా గైబెన్ లెక్క తప్పకుండా బతికారు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని పొలమంతా తిరిగి "ఇక్కడ నీళ్లున్నాయి" అని చెప్పేవాళ్లకు డెల్టాలో చెల్లించే డబ్బు శుద్ధ దండగ. ఇక్కడ ఎక్కడ తవ్వినా నీళ్లుంటాయి. తెలియాల్సింది ఉప్పెంతో, అది కొబ్బరికాయ చెప్పదు.

మూఢనమ్మకాల మాట వచ్చింది గనక ఇంకొకటి. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు విపరీతమయ్యాయి. ఆస్పత్రుల్లో విరుగుడు మందు చూసుకోవాల్సిన వేళ, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో ప్రభుత్వమే సర్పశాంతి యాగం చేయించింది. స్వామి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ పొలాల్లో నీరు నిలిచాక ఎలుకల బొరియలు మునుగుతాయి, పాములు గట్లెక్కుతాయి, అదే గట్ల మీద కూలీలు ఒట్టి కాళ్లతో తిరుగుతారు. గమ్‌బూట్లూ, టార్చిలైటూ, దగ్గరి ఆస్పత్రిలో మందూ కావాలి. ఇందులో యాగం తీర్చే చిక్కు ఏదీ నాకు కనబడలేదు.

కాస్త దారి తప్పి ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం వెళ్లొద్దాం. ఉత్తరాంధ్ర జిల్లాతో కలిపి చదివేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇది కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. ఆంధ్రమహావిష్ణువు కొలువైన ఈ చోటే శ్రీకృష్ణదేవరాయలు కల గని, ఆముక్తమాల్యదకు పూనుకున్నాడని ఆ కావ్యమే చెబుతుంది. పెదప్రోలుకు చెందిన కాసుల పురుషోత్తమ కవి ఇదే దేవుణ్ణి నిందాస్తుతితో ఉతికేస్తూ ఆంధ్రనాయక శతకం రాశాడు. దేవుణ్ణి అంత చనువుగా నిలదీసిన మరో శతకం నాకు తట్టడం లేదు. బౌద్ధ స్తూపమున్న ఘంటసాల, సిద్ధేంద్రయోగి కూచిపూడి కూడా ఈ చుట్టుపక్కలవే. ఉప్పెన ఊరు అని తేల్చేసేవాళ్లు ఈ పక్క కూడా ఒకసారి చూడాలి.

ఉప్పెన సంగతి క్లుప్తంగా. అది సునామీ కాదు. తుపాను గాలి సముద్రాన్ని తీరం మీదికి తోస్తుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ కావడంతో ఆ నీటికి వెనక్కి మళ్లే చోటుండదు, ఎత్తుగా లేచి ఊళ్ల మీద పడుతుంది. 1977లో ఏ రక్షణా లేని సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. 1990 మే 9న దాదాపు ఇదే తీరాన్ని భయంకరమైన తుపాను మళ్లీ తాకింది. ఆ తుపానులో రాష్ట్రం మొత్తం మీద చనిపోయినవాళ్లు వెయ్యికి లోపే. ముందుగా హెచ్చరించి లక్షన్నరకు పైగా జనాన్ని తరలించడమే ఈ తేడాకు ముఖ్య కారణం.

గాలినీ అలనీ మెత్తబరిచే మడ అడవులు కృష్ణా అభయారణ్యంలో ఉన్నాయి, బావురుపిల్లి కూడా అక్కడే తిరుగుతుంది. ఆ అడవికీ, డెల్టాకీ ప్రాణం ఒండ్రుమట్టి. ఆల్మట్టి, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలు ఆ మట్టిని పైనే పట్టేస్తున్నాయి. 2000ల మొదట్లో కరువు ఏళ్లలోనైతే నది నీరే సముద్రానికి దాదాపు చేరలేదు. నది నెట్టకపోతే పోటు నీరు పాయల్లో పైకి ఎగదన్నుతుంది. ఎదురుమొండి లాంటి దీవులకు పంటు మీద దాటి వెళ్లే జనానికి ఇది ఒకరు చెప్పాల్సిన పాఠం కాదు.

ఈ ఉప్పుకు అడ్డుగా ఇప్పటికిప్పుడు మన చేతిలో ఉన్నవి మూడు: వేళకు కాలువ నీరు, గట్టి కరకట్ట, మురుగు కాలువల చివర పోటును ఆపే తలుపులు. కాలువ ఒక శాఖది, మురుగు కాలువ ఇంకో విభాగానిది, మడ అడవి అటవీశాఖది, రొయ్యల చెరువు మత్స్యశాఖది, తాగునీటి చెరువు నింపుకునే బాధ పంచాయతీది. స్లూయిస్ తలుపు తుప్పుపట్టి విరిగితే ఉప్పునీరు ఏ శాఖదో చూసుకుని రాదు. అందుకే నా దృష్టిలో ఇక్కడ అన్నిటికన్నా చవకైన తుపాను రక్షణ, అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది, ఆ ఇనుప తలుపే. దివిసీమ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క పని చేయండి. వచ్చే గ్రామసభలో మీ మురుగు కాలువ చివర తలుపు మూసుకుంటుందా లేదా, ఎండాకాలం ఫిల్టర్ పాయింట్లలో ఉప్పెంత ఉందో కొలిచారా లేదా అడిగి, వచ్చిన జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించండి.