హెడ్డు చెప్పినట్టు పైపు వినాలి

జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామికవాడల్లో ఇనుముతో చేయించుకోలేని పనంటూ దాదాపు లేదు. పోత పోసేవాళ్లు, లేత్ పట్టేవాళ్లు, మందపాటి ప్లేటును గీసిన గీత మీదే కోసిచ్చేవాళ్లు పక్కపక్క వీధుల్లో దొరుకుతారు. చింతల్ దగ్గరి హెచ్‌ఎంటీ, 1968లో బాలానగర్‌లో వెలసిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉన్న ప్రాంతం ఇది. ఇక్కడ కొలత అంటే ఏమిటో తెలిసినవాళ్లకు కొదవ లేదు. కాబట్టి పాత అంబాసిడర్‌కో, మహీంద్రా జీపుకో ఇంజిన్ మార్చాలనుకునేవారికి ‘అవుతుందా’ అన్న బెంగ అక్కర్లేదు. ‘ఏం చేయించాలి’ అన్నదే అసలు చిక్కు. చాలామంది ఈ పనిని తోక వైపు నుంచి మొదలుపెడతారు. మెరిసే నాలుగు పైపుల హెడర్, దాని గంభీరమైన చప్పుడు ముందు మనసుకు పడతాయి. సిలిండర్ హెడ్డు సంగతి తర్వాత. ఈ వరస తిరగబడాలి. బండి ఏ వేగంలో తిరుగుతుందో ముందు తేల్చుకోవాలి, దానికి తగ్గ హెడ్డు ఎంచుకోవాలి, ఆ హెడ్డు చెప్పినట్టు పైపు వంచాలి.

ఎందుకో తెలియాలంటే ఇంజిన్ ఊపిరి తీసుకునే తీరు చూడాలి. గాలీ పెట్రోలూ లోపలికి వచ్చేదీ, కాలిన పొగ బయటికి పోయేదీ చాలా ఇంజిన్లలో హెడ్డులోని దారుల గుండానే. ఆ పొగను అందుకునేది మానిఫోల్డ్. కంపెనీ వేసేది సాధారణంగా పోత ఇనుముది, పొట్టిది. అన్ని సిలిండర్ల పొగా అందులో ఒకేచోట తోసుకుంటుంది. హెడర్‌లో ఒక్కో దారికీ విడి పైపు ఉండి, కొంత దూరం పోయాక కలుస్తుంది. వాల్వు తెరుచుకోగానే పొగ ఒక్క ఉదుటున పైపులోకి దూకుతుంది. పైపులు కలిసేచోటికి ఆ తోపుడు చేరగానే, పీడనం తగ్గిన అల ఒకటి వెనక్కి తిరిగి వస్తుంది. అది సరైన క్షణానికి వాల్వు దగ్గరికి చేరితే సిలిండర్‌లో మిగిలిన పొగను కూడా లాగేస్తుంది; కొత్త మిశ్రమానికి చోటు దొరుకుతుంది. ఆ క్షణం పైపు పొడవును బట్టీ, ఇంజిన్ తిరిగే వేగాన్ని బట్టీ ఉంటుంది. అన్ని వేగాల్లోనూ లాభమిచ్చే పైపు లేదు.

హెడ్డు మాటే చెల్లుతుందనడానికి అంబాసిడర్ కంటే మంచి సాక్ష్యం దొరకదు. దశాబ్దాల పాటు దాన్ని నడిపిన 1489 సీసీ బీఎంసీ బీ-సిరీస్ ఇంజిన్‌కు సిలిండర్లు నాలుగైనా పొగ దారులు మూడే. రెండు, మూడు సిలిండర్ల పొగ హెడ్డు లోపలే కలిసి నడిమి దారిలో బయటికి వస్తుంది. అంటే నాలుగు పైపుల హెడర్ తగిలించడానికి ఆ హెడ్డుకు నాలుగో రంధ్రమే లేదు. అది లోపమనుకుని వదిలేయనవసరం లేదు. ఆ ఇంజిన్‌లో నిప్పు అంటుకునే వరస 1-3-4-2. రెండు, మూడు సిలిండర్ల మధ్య సరిగ్గా ఒక పూర్తి చుట్టు ఎడం ఉంటుంది, ఒకటి, నాలుగు మధ్యా అంతే. అందుకే ఒకటి, నాలుగు పైపులను ముందు కలిపి, నడిమి పైపును విడిగా పొడుగ్గా తెచ్చి కిందెక్కడో జోడించే మూడు పైపుల హెడర్ ఈ జాతి ఇంజిన్లకు పుట్టింది. పాత విల్లీస్ హరికేన్ ఇంజిన్ జీపుది ఇంకో చిత్రం. దాని ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, పొగ వాల్వులు బ్లాకులో ఉంటాయి. మానిఫోల్డ్ బిగించేదీ బ్లాకుకే. అక్కడ హెడ్డు మార్చినా పొగ దారి మారదు.

‘పెద్ద పైపు వేస్తే పోయేదేముంది, రేపు ఇంజిన్ పెంచుకున్నా పనికొస్తుంది కదా’ అంటారు. లెక్క వేసి చూద్దాం. పైపు లోపలి వ్యాసం 35 మిల్లీమీటర్ల నుంచి 45కి పెంచితే పెరిగింది 10 మిల్లీమీటర్లే అనిపిస్తుంది. కానీ దారి వైశాల్యం 65 శాతం పెరుగుతుంది. అదే ఇంజిన్ వేగంలో పొగ వేగం దాదాపు 40 శాతం పడిపోతుంది. సుచిత్ర నుంచి బాలానగర్ దాకా ఆగుతూ సాగే బండికి కావలసింది తక్కువ వేగంలో పికప్. అక్కడ పొగ మందగిస్తే లాగే గుణం పోయి చప్పుడు మిగులుతుంది. హెడ్డుదీ అదే కథ. 1489 సీసీ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ వంతు సుమారు 372 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 7.5 అనుకుంటే, పైన మంట గది 57 సీసీ ఉన్నట్టు. పెద్ద దారులున్నాయని వేరే హెడ్డు తెచ్చి, దాని గది 10 సీసీ ఎక్కువైతే నిష్పత్తి 6.5కి దిగుతుంది. కొత్త హెడ్డు వేసి కూడా ఇంజిన్‌ను నీరసపరిచినట్టే. హెడ్డు ఫేసింగ్ చేయించి సరిదిద్దవచ్చు, కానీ ఎంత తీయాలో గది ఘనపరిమాణం కొలిచాకే తెలుస్తుంది.

ఇంకొందరి వాదన మరింత బలమైనది: ఇంత తలనొప్పి దేనికి, కొత్త ఇంజిన్‌ను దాని హెడ్డుతో, దాని మానిఫోల్డ్‌తో సహా ఎక్కిస్తే పోలేదా? చాలాసార్లు అదే మంచి దారి. హిందుస్థాన్ మోటార్స్ కూడా 1990ల్లో అంబాసిడర్‌లో 1817 సీసీ ఇసుజు ఇంజిన్ పెట్టినప్పుడు చేసింది అదే. పాత హెడ్డును సాగదీయకుండా, వాల్వులను తెరిచే క్యామ్ హెడ్డులోనే ఉన్న ఇంజిన్‌ను అయిదు గేర్ల పెట్టెతో కలిపి తెచ్చింది. నా వాదనకు ఇది ఎదురు కాదు. హెడ్డూ మానిఫోల్డూ ఒకదాని కోసం ఒకటి పుట్టినవి కాబట్టే ఆ జోడీ కుదురుతుంది. అలాంటప్పుడు హెడర్ చేయించాల్సి వచ్చేది కంపెనీ మానిఫోల్డ్ స్టీరింగ్ కడ్డీకో, ఛాసిస్‌కో తగిలితేనే. మన బండ్లకు స్టీరింగ్ కుడి వైపు. కుడి పక్కన పొగ వదిలే ఇంజిన్ తెచ్చుకుంటే ఆ తంటా ముందే ఊహించాలి.

ఖర్చు పెట్టేముందు రెండు సంగతులు చూసుకోవాలి. దేశమంతటా సీసం కలపని పెట్రోల్ వచ్చింది 2000లో. అంతకు ముందటి పోత ఇనుము హెడ్లలో పొగ వాల్వు సీటును అరిగిపోకుండా కాపాడింది ఆ సీసమే. అలాంటి హెడ్డు వాడితే గట్టి సీట్లు వేయించడం హెడర్ కంటే ముందు పని. రెండోది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట చెప్పిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ అదే నొక్కి చెప్పింది. 2021 నిబంధనల కింద యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ గుర్తింపు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. అంత వయసున్న బండి ఇంజిన్ జోలికి పోకపోవడమే లాభం.

వీటన్నిటికీ నిలిచాక కూడా మార్చాలనుకుంటే, వర్క్‌షాపులో పని వరస తేలికే. సిద్ధం చేసిన హెడ్డుతో సహా ఇంజిన్‌ను మౌంట్ల మీద కూర్చోబెట్టాలి. ఫ్లాంజ్ ప్లేటు మీద రంధ్రాలను ఆ హెడ్డు గ్యాస్‌కెట్ పెట్టి గీయాలి. పైపులను బండిలోనే ఒక్కో టాకా వేసి నిలిపి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూసి, బ్రేకు గొట్టాలకు వేడి తగలదని తేలాకే పూర్తి వెల్డింగ్. పైపు ఎంత లావో, ఎటు వంగాలో వెల్డర్ అడిగితే జవాబు అప్పటికే ఇంజిన్ మీద బిగించి ఉంటుంది.