ఐరోపాలో మోటారుసైకిలు యాత్ర

దంపతులు మోటారుసైకిలుపై ఐరోపా దేశాలు చుట్టివచ్చే విహారయాత్ర ఇది. కొత్తచెరువు (2022కు పూర్వం అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా) వంటి ఊరి నుండి వెళ్ళేవారు బండిని అక్కడే అద్దెకు తీసుకోవచ్చు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను మాత్రం ఇక్కడి రవాణాశాఖ కార్యాలయంలో ముందుగానే పొందవలెను. షెంజెన్ వీసాపై 180 రోజులలో 90 రోజులకు మించి ఉండరాదు.

బ్రిటన్, ఐర్లాండు, సైప్రస్, మాల్టా తప్ప తక్కిన దేశాలలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. మనవారికి అసలు ప్రమాదం ఖాళీ రోడ్డుమీదనే. ఎదురుబండి లేనపుడు పాత అలవాటు ఎడమకు లాగుతుంది. వెనుక కూర్చున్నవారు ప్రతి కూడలిలోను గుర్తుచేయడం మేలు.

ఇటలీలోని స్టెల్వియో కనుమ (2,757 మీటర్లు) మన హార్స్‌లీ కొండలకు రెట్టింపు కన్నా ఎత్తు. 1825లో పూర్తయిన ఈ దారికి తూర్పువైపున 48 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. చలికాలంలో మంచువల్ల మూసివేస్తారు. ఇద్దరి బరువుతో దిగేటప్పుడు మలుపుకు ముందే వేగం తగ్గించాలి.