కీళ్లవాతమూ, నీరసమూ

పొద్దున్న లేవగానే పిడికిలి ముడుచుకోదు. గంట గడిస్తేగాని చెంబు పట్టుకోలేరు. మధ్యాహ్నానికల్లా ఒళ్లు వాలిపోతుంది. “ఏం పని చేశావని నీరసం?” అంటారు ఇంట్లోవాళ్లు. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న మా వదిన ఈ మాట ఎన్నిసార్లు పడిందో!

అది బద్ధకం కాదండీ. మనల్ని కాపాడవలసిన రక్షణశక్తే పొరబడి కీళ్ల లోపలి పొరమీద దాడిచేసే జబ్బు అది. ఆ వాపే ఒంట్లో సత్తువ లాగేస్తుంది. నొప్పికి భయపడి మంచం పట్టామా, కండలు కరిగి, చిన్నపనికే మరింత అలసట. అందుకే డాక్టర్లు పూర్వంలా పడుకోమనకుండా, ఇప్పుడు నడవమంటున్నారు. వ్యాయామంవల్ల ఈ నీరసం కొంత తగ్గుతుందని 2013లో కోక్రేన్ సంస్థవారు, అంతవరకు జరిగిన పరిశోధనలు సమీక్షించి చెప్పారు. కొంతే సుమండీ, మాయమైపోదు.

“ఇంటిపని చాలదా?” అని మీరడగచ్చు. బట్టలు పిండడం, పచ్చడి రుబ్బడం ఆ నొప్పివేళ్లనే నలిపేస్తాయి. నడక అలా కాదు. బిగుసుకున్న కీళ్లు కాస్త వదులయ్యాక, మెత్తని చెప్పులు వేసుకుని, డాబామీదే ఐదు నిమిషాలు. వారం పోయాక మరో రెండు. మాట్లాడుతూ నడవగలిగేంత వేగం చాలు. మర్నాటికీ నొప్పి ఎక్కువగానే ఉంటే కాస్త తగ్గించండి. కీలు వాచి వేడెక్కిన రోజున దానికి విశ్రాంతి ఇవ్వండి. మందులు మాత్రం మానకండి. మొదలుపెట్టేముందు డాక్టరుగారి చెవిన ఒక మాట వేయండి.

మా వదిన మొదటిరోజు మూడు నిమిషాలకే కూర్చుండిపోయింది. ఇప్పుడు సాయంత్రం కూరలకి తనే వెళుతోంది. సంచీ మాత్రం అన్నయ్య మోస్తాడు.