టాంకరు ఎక్కడికి పోతుంది?

మా అమ్మాయికి పెళ్ళిచూపులు జరగవలసిన రోజునే మా పెరట్లో సెప్టిక్ టాంకు పొంగింది. అగరొత్తులు కట్టలు కట్టలు వెలిగించినా లాభం లేకపోయింది. అప్పుడు మా ఆవిడ నా వంక చూసిన చూపు వర్ణించను. పరుగెత్తి టాంకరు అబ్బాయిని పిలుచుకువచ్చాను. గొట్టం దింపి, మోటారు వేసి, గంటలో అంతా లాగేశాడు. డబ్బు చేతిలో పెడుతూ, "ఇదంతా ఎక్కడ పోస్తావోయ్?" అని ఊరికే అడిగాను.

"ఎక్కడ పొయ్యమంటారో చెప్పండి బాబూ, అక్కడే పోస్తాను," అన్నాడు.

నేను చెప్పలేకపోయాను. ఊరవతల కాలవగట్టు మీద ఆ చక్రాల జాడలు మేమందరం చూసినవే. ఆ కాలవనీళ్ళే దిగువ పల్లెవాళ్ళ బిందెల్లోకి పోతాయి.

పెద్ద పట్నాలలో భూగర్భ డ్రైనేజీ ఉంటుంది. చిన్న ఊళ్ళకు అంత సొమ్మెక్కడిది? ఇంటింటికీ ఒక టాంకు. అందులో బరువైనది అడుగున చేరుతుంది, నీరు ఇంకుడుగుంటలోకి పోతుంది. అంతే, శుద్ధి సగమే జరుగుతుంది. రెండు మూడేళ్ళకొకసారి అడుగుమడ్డి తీయించాలంటారు. మనం మాత్రం పొంగేదాకా మూత తియ్యం. వెనక మనుషులనే గోతిలోకి దింపేవారు. 2013లో వచ్చిన చట్టం రక్షణ లేకుండా మనిషిని అలా దింపడాన్ని నిషేధించింది. యంత్రం వచ్చింది, మంచిదే. కాని గొట్టం రెండో కొస సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ మధ్య బెంగుళూరులో మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, టిప్పు సుల్తాను పుట్టిన దేవనహళ్ళి చూద్దామని బయలుదేరాం. కోట చూశాం. తరువాత నేను ఒక్కణ్ణే మరోచోటికి వెళ్ళాను. మా ఆవిడ రానంది. అక్కడ 2015లో ఈ మడ్డిని శుద్ధిచేసే కేంద్రం ఒకటి కట్టారు. అప్పటికి ఊళ్ళో భూగర్భ కాలవలు లేవు. రోజుకు 6 వేల లీటర్లు పట్టేటట్టు కట్టారు. అంటే రెండు చిన్న టాంకర్లు.

టాంకరు తెచ్చినది ముందుగా జల్లెడలోంచి పోతుంది. గుడ్డపేలికలు, ప్లాస్టిక్ సంచులు అక్కడే ఆగుతాయి. (మనం దొడ్లో ఏమేం పారేస్తామో చూస్తే సిగ్గు వేస్తుంది.) తరువాత గాలి చొరని తొట్లలో సూక్ష్మజీవులు దాని పని పడతాయి. ఆపైన ఇసుక, కంకర పరచిన మళ్ళలో ఎండబెడతారు. కిందికి దిగిన నీటిని విడిగా తొట్లగుండా, మొక్కలు నాటిన గులకరాళ్ళ మడిగుండా నడిపిస్తారు. కేంద్రం చాలావరకు పల్లం మీదే నడుస్తుంది. కరెంటుతో పని బహు తక్కువ. ఎండిన మడ్డిని ఊరి తడిచెత్తతో కలిపి కుప్ప పోస్తే లోపల వేడి పుడుతుంది. ఆ వేడికే నులిపురుగుల గుడ్లు చస్తాయి. చివరకు మిగిలేది రైతుకు పనికివచ్చే ఎరువు. గుప్పెడు తీసుకుని వాసన చూశాను. వానపడ్డ మట్టి వాసన!

ఇంటికి రాగానే మా వార్డు కౌన్సిలరుగారికి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నారు. "బాగానే ఉందండీ, మీ వీధి చివర మునిసిపాలిటీ స్థలం ఖాళీగా ఉంది, అక్కడ కట్టిద్దామా?" అన్నారు.

నాకు వెంటనే నోరు పెగల్లేదు. ఇంట్లో అడిగి చెబుతానన్నాను.

అన్నట్టు, ఆ సంబంధం కుదిరింది. టాంకరు అబ్బాయి మళ్ళీ రావడానికి ఇంకా రెండేళ్ళు గడువుంది.