పాతకారు నీరు త్రాగునా?

తిరుపతిలో అలిపిరి దాటి కొండ ఎక్కు దారిలో గాని, చిత్తూరు నుండి పలమనేరు పోవునపుడు మొగిలి ఘాటులో గాని, ముందరి మూత ఎత్తి, ఆవిరి చిమ్ముచు నిలిచిన పాతకారు ఒక్కొక్కప్పుడు కానవచ్చును. యజమాని సీసాలతో నీరు పోయును; కారు మరల కదలును; నాలుగు దినములలో నీరు మరల తగ్గును. “పాతబండి గదా, నీళ్లు తాగుతుంది” అని సరిపెట్టుకొనుట వాడుక. కాని రేడియేటరు నీరు త్రాగదు. ఇంజను, పంపు, గొట్టములు, రేడియేటరు కలిసి ఒక మూసిన వలయము. అందులో నీరు తగ్గినచో అది ఎక్కడికో పోయినదన్నమాట. నీరు పోయినందున ఇంజను వేడెక్కినదా? వేడెక్కినందున నీరు పోయినదా? ఇది తేల్చుకొనక భాగములు మార్చినచో డబ్బు పోవును గాని రోగము కుదరదు.

కొండ ఎక్కుట ఇంజనుకు ఎంత భారమో లెక్క చూడవచ్చును. తిరుమల సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల ఎత్తున, తిరుపతి కంటె దాదాపు 700 మీటర్లు పైన ఉన్నది. మనుషులు, సామానుతో 1500 కిలోగ్రాముల కారును అంత ఎత్తునకు చేర్చుటకు కోటి జౌళ్లకు పైగా, అనగా సుమారు 2,450 కిలోకెలోరీల పని కావలెను. పెట్రోలు ఇచ్చు వేడిలో నాలుగవ వంతు మాత్రమే పనిగా మారును. మూడవ వంతు శీతలజలములోనికి పోవును. కనుక ఈ ఎక్కుడులో నీటికి చేరు వేడి సుమారు 3,250 కిలోకెలోరీలు. 6 లీటర్ల మరుగునీటిని పూర్తిగా ఆవిరి చేయుటకు ఇది చాలును. ఈ వేడినంతను రేడియేటరు గాలికి ఒప్పగించవలెను. మైదానములో దాగియున్న చిన్న లోపము కొండపై బయటపడుటకు కారణమిదియే.

మొదట చూడవలసినది రేడియేటరు మూత. అది వట్టి బిరడా కాదు, ప్రెషర్ కుక్కరు వెయిటు వంటి కవాటము. వాతావరణ పీడనమునకు మరియొక వాతావరణ పీడనము చేర్చినచో నీరు 100 డిగ్రీలకు మారుగా 120 డిగ్రీల వద్ద మరుగును. మూతలోని రబ్బరు చెడినచో ఆ లాభము పోవును. పైగా తిరుమల ఎత్తున నీరు సుమారు 97 డిగ్రీలకే మరుగును. ఇంజను నిర్దోషమైనను నీరు పొంగిపోవును. మూత ఖరీదు స్వల్పము; దానిని చూడక ఇంజను విప్పరాదు.

తరువాత, ఇంజను బాగుగా చల్లారినపుడు కారుక్రింద తడిని, రబ్బరు గొట్టముల అతుకులను, నీటిపంపు అడుగు రంధ్రమును, రేడియేటరుపై తెల్లని చారలను పరీక్షింపవలెను. మెకానిక్కు చేతిపంపుతో రేడియేటరులో గాలి ఒత్తిడి పెట్టి చూచును. ముల్లు దిగి, బయట తడి కనిపించినచో కారుచోటు తెలిసినట్లే. ముల్లు దిగియు తడి కనబడనిచో నీరు ఇంజను లోనికే పోవుచున్నదని అనుమానింపవలెను.

నీరు పోకయే వేడెక్కు కారు మరియొక రకము. నిలిచినపుడు, నెమ్మదిగా పోవునపుడు మాత్రమే వేడెక్కినచో దోషము ఫ్యానుది. 2014 వరకు తయారైన అంబాసిడరు పెట్రోలు కారులో ఫ్యాను బెల్టుతో తిరుగును. మారుతి 800లో విద్యుత్తుతో తిరుగును. చదునుదారిలో వేగముగా పోవునపుడు వేడెక్కినచో రేడియేటరు పూడినదేమో చూడవలెను. బోరుబావి కఠినజలము పోయుచుండిన కారులో, కాగు అడుగున కట్టినట్లే, సున్నపుపొర సన్నని గొట్టములలో పేరుకొనును. థర్మోస్టాటును బడిలోనే పరీక్షింపవచ్చును. దానిని దారముతో నీటిలో వ్రేలాడదీసి, ఉష్ణమాపకముంచి, కాచవలెను. దానిపై ముద్రించిన ఉష్ణోగ్రత వద్ద, తరచుగా 82 డిగ్రీల ప్రాంతమున, లోపలి మైనము కరగి వ్యాకోచించి కవాటము తెరచుకొనవలెను.

ఇక పెద్దరోగము: సిలిండరులకు పైతలకు నడుమనుండు గాస్కెట్ చెడుట. వేడెక్కిన తరువాతను ఆగని తెల్లపొగ, నూనె మజ్జిగవలె మారుట, రేడియేటరులో ఎడతెగని బుడగలు దీని గుర్తులు. నిశ్చయముగా తెలియుటకు, రేడియేటరు నోటివద్ద గాలిని బ్రోమోథైమాల్ బ్లూ అను నీలిద్రవము గుండా పీల్చెదరు. దహనవాయువులోని కార్బన్ డయాక్సైడు కలిసినచో అది పసుపగును. విద్యార్థి గొట్టముతో ఆ ద్రవములోనికి తన శ్వాసను ఊదినను ఇదే మార్పు చూడవచ్చును, పీల్చరాదు.

ఒక్క హెచ్చరిక. వేడి రేడియేటరు మూత తెరువరాదు. 110 డిగ్రీల నీటిపై పీడనము తటాలున తొలగినచో లీటరుకు సుమారు 18 గ్రాముల నీరు ఆవిరియై, 30 లీటర్ల పరిమాణము పొంది, మిగిలిన మరుగునీటిని ముఖముపైకి చిమ్మును. ఇంజను ఆపి, కనీసము అరగంట ఆగవలెను. కాలిన ఇంజనులో చన్నీరు పోసినచో లోహము అసమముగా సంకోచించి పగులవచ్చును.

నీరు పోయుట చికిత్స కాదు. ఇల్లు చేరుటకు ఉపాయము మాత్రమే. ఎన్ని కిలోమీటర్లకు ఎంత నీరు తగ్గినదో, ఎట్టి దారిలో వేడెక్కినదో ఒక కాగితముపై వ్రాసియుంచిన యజమాని సగము రోగనిర్ణయము తానే చేసినవాడగును.